నేల ఉసిరి కాలేయాన్ని కాపాడిందా, విషాన్ని పుట్టనివ్వలేదా: ఒక పరీక్ష పూర్వాపరాలు

పచ్చకామెర్లు వచ్చిన మనిషికి నేల ఉసిరి మొక్కను సమూలంగా పీకి, మట్టి పోయేలా కడిగి, మెత్తగా నూరి, నిమ్మకాయంత ముద్దను మజ్జిగలో కలిపి పరగడుపున తాగించడం తెలుగు పల్లెల్లో తరతరాలుగా సాగుతున్న వైద్యం. ఆయుర్వేదం ఈ మొక్కను భూమ్యామలకి అనీ తామలకి అనీ పిలుస్తుంది. కామెర్లకే గాక, పిత్తం పెరిగి గుండెల్లో మంటా పుల్లటి త్రేన్పులూ వచ్చినప్పుడు కూడా దీన్ని వాడతారు. మూడు తరాలుగా ఈ పసరు పోస్తున్న కుటుంబానికి చెందిన ఒక పెద్దాయన, తమ మందులోని బలమెంతో శాస్త్రం ప్రకారం తేల్చమని మా ఫార్మకాలజీ విభాగానికి వచ్చి అడగడంతో ఈ పని మొదలైంది. కాలేయం మీద ఒక వరుస ప్రయోగాలు, కడుపు మీద మరో వరుస ప్రయోగాలు చేశాము. మొదట వచ్చిన ఫలితం చూసి మేము ఎంతో సంతోషించాము. ఆ సంతోషం ఎందుకు నిలవలేదో, దాని స్థానంలో చివరికి ఏమి మిగిలిందో వివరంగా చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను. అంకెల పట్టికలను విడిచిపెట్టి, ప్రతి ఫలితాన్నీ మేము ఎలా అర్థం చేసుకున్నామన్న దానికే ఇక్కడ చోటిచ్చాను.

పసరు తాగినవాళ్లకు కామెర్లు తగ్గుతున్నాయి కదా, ఇంకా పరీక్ష దేనికి అని మా విద్యార్థులే నన్ను అడిగారు. మన దగ్గర కామెర్లకు ఎక్కువగా కారణమయ్యే హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఈ వైరస్‌ల జబ్బు చాలామందిలో కొన్ని వారాలలో దానంతట అదే తగ్గిపోతుంది. పథ్యం చేసినా, పసరు తాగినా, ఏమీ చేయకపోయినా అంతే. హెపటైటిస్ బీ వైరస్ విషయంలో మాత్రం మనుషుల మీదే ఒక పరీక్ష జరిగింది. 1988లో మద్రాసుకు చెందిన ఎస్.పి. త్యాగరాజన్ బృందం, ఆ వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్‌తో కలిసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ ఫలితాన్ని ప్రచురించింది. ముప్పై రోజులు నేల ఉసిరి ఇచ్చిన 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఉపరితల యాంటిజెన్, అంటే వైరస్ ఉనికిని తెలిపే దాని పైపొర ప్రొటీన్, కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో అలా జరిగింది ఒక్కరికే. ప్రపంచమంతా ఆ వార్త వైపు చూసింది. తరువాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో అంత ఫలితం రాలేదు. అలాంటి పరీక్షలన్నింటినీ కలిపి బేరీజు వేసిన కాక్రేన్ సమీక్ష కూడా 2011లో నమ్మదగిన ఆధారం లేదనే తేల్చింది. ఈ తేడాకు చెప్పిన కారణాల్లో ఒకటి మాకు వెంటనే అనుభవంలోకి వచ్చింది: అందరూ వాడిన మొక్క ఒకటేనా అన్న ప్రశ్న.

మొదటి విడత మొక్కను మేము ఎండు మూలికల సరఫరాదారు ద్వారా తెప్పించాము. బస్తా మీద నేల ఉసిరి అనే రాసి ఉంది. చూడడానికి సన్నని ఆకులు, పుల్లలు, ఆకుల కింద ఆవగింజంత కాయలు, అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. సారం తీసి, ఎలుకలకు ఇచ్చి, చిన్నపాటి తొలి ప్రయోగం కూడా చేశాము. ఫలితం ఒక ఎలుకకూ మరో ఎలుకకూ పొంతన లేకుండా వచ్చింది. ఆ రోజుల్లోనే పెద్దాయన మమ్మల్ని చూడడానికి వచ్చి, బల్ల మీదున్న మొక్కలోంచి రెండు ఆకులు తుంచి నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, "ఇది నేను కోసేది కాదమ్మా, ఇందులో చేదు లేదు" అన్నారు.

ఆయన మాట మీద బస్తాను పూర్తిగా కుమ్మరించి, అడుగున చేరిన గింజలను తెల్ల కాగితం మీద పోసి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద పెట్టి చూశాము. ఇసుక రేణువంత గింజ, నారింజ తొనలాంటి ఆకారం. కొన్నింటి వీపు మీద పైనుంచి కిందికి నిలువు గీతలు ఉన్నాయి. అవి ఫిల్లాంతస్ అమారస్, అంటే మాకు కావలసిన మొక్క. కొన్నింటి మీద అడ్డంగా మెట్లలాంటి గీతలు ఉన్నాయి; అవి ఎర్ర ఉసిరిక అని పిలిచే ఫిల్లాంతస్ యూరినేరియావి. మరికొన్నింటి మీద వరుసలు తీరిన చిన్న బొడిపెలు ఉన్నాయి. అవి ఫిల్లాంతస్ మదరాస్పటెన్సిస్ గింజలు. మూడు జాతులు కలిసిపోయిన బస్తాతో మేము ప్రయోగం చేశామన్నమాట. అమారస్ అన్న లాటిన్ మాటకు అర్థం చేదు అని. ఆ చేదుకు ముఖ్య కారణమైన ఫిల్లాంతిన్ అనే లిగ్నన్ (మొక్కల్లో ఉండే ఒక తరగతి పదార్థం) అమారస్‌లో బాగా ఉంటుంది, మిగతా రెండింటిలో లెక్కలోకి తీసుకోదగినంత ఉండదు. పెద్దాయన నాలుక చెప్పినదాన్నే తరువాత, సారంలోని పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీటీఎల్‌సీ ప్లేటు కూడా చెప్పింది. ఆ పరీక్షను సరుకు రాగానే చేయవలసింది మేమే. చేయకపోవడం మా తప్పు. ఆ ఎలుకల ఫలితాలన్నింటినీ పక్కన పెట్టి, పెద్దాయనతో పాటు పొలం గట్లకు వెళ్లి, కాయలతో ఉన్న మొక్కలను ఒక్కొక్కటిగా పరీక్షించి కోయించి, నమూనాలను హెర్బేరియం షీట్లకు అతికించి, వృక్షశాస్త్రజ్ఞుని ధ్రువీకరణ తీసుకున్న తరువాతే పని మళ్లీ మొదలుపెట్టాము.

నీడన ఆరబెట్టిన మొక్క పొడి నుంచి రెండు సారాలు తీశాము. ఒకటి నీటితో తీసినది, పసరుకూ కషాయానికీ దగ్గరగా ఉండేది. రెండోది డెబ్భై శాతం ఆల్కహాలుతో తీసినది, ప్రచురితమైన పత్రాల్లో తరచుగా కనిపించేది. ఈ రెండింటినీ ఒకే మందుగా భావించడం పొరపాటు. ఫిల్లాంతిన్, హైపోఫిల్లాంతిన్ వంటి లిగ్నన్లు నూనెలను ఇష్టపడే పదార్థాలు, ఆల్కహాలులోకి బాగా దిగుతాయి, నీటిలోకి అంతగా రావు. జెరానిన్, కోరిలాజిన్ వంటి టానిన్లు, అంటే వగరు పదార్థాలు, నీటిలోకి సులువుగా వస్తాయి. మా నీటి సారం నాలుక మీద వగరుగా పట్టేది. ఆల్కహాలు సారం గొంతులోకి దిగాక చాలాసేపు చేదుగా ఉండేది. ఆ చేదూ వగరుల తేడా తరువాత ప్రతి ఫలితంలోనూ కనిపించింది.

జంతు ప్రయోగాలకు మన దేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద ఏర్పడిన సీసీఎస్‌ఈఏ అనే పర్యవేక్షక కమిటీ నియమాలు ఉన్నాయి. ప్రతి సంస్థలోనూ నైతిక కమిటీ ముందుగా ప్రణాళికను చూసి అనుమతించాలి. ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్ని, నొప్పిని ఎలా తగ్గిస్తారు, అంతకంటే తక్కువ జంతువులతో ఈ ప్రశ్నకు జవాబు రాదా అన్న ప్రశ్నలను దాటాకే పంజరం తలుపు తెరిచే అధికారం మాకు వస్తుంది. మొదట, ఒక్కసారి ఇచ్చిన మోతాదు విషమవుతుందా అని చూసే ఓఈసీడీ 423 పద్ధతిలో కిలో బరువుకు రెండు వేల మిల్లీగ్రాముల వరకు ఇచ్చి, పద్నాలుగు రోజులు గమనించాము. ఎలుకలేవీ చనిపోలేదు, బరువు తగ్గలేదు. అందులో పదో వంతు, ఐదో వంతు, అంటే 200, 400 మిల్లీగ్రాముల మోతాదులను ప్రయోగానికి తీసుకున్నాము.

కాలేయ ప్రయోగంలో విస్టార్ అనే ప్రయోగశాల జాతి ఎలుకలను ఏడు గుంపులు చేశాము, ఒక్కో గుంపులో ఆరు. ఒక గుంపు ఆరోగ్యమైనది, ఒకటి విషం మాత్రమే తీసుకున్నది, ఒకటి పోలిక కోసం కిలోకు 100 మిల్లీగ్రాముల సిలిమరిన్ అనే, కాలేయానికి వాడే మందు తీసుకున్నది, మిగతా నాలుగు మా రెండు సారాలను రెండేసి మోతాదుల్లో తీసుకున్నవి. అర శాతం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే జిగురు ద్రవంలో సారాన్ని కలిపి, మొన బంతిలా గుండ్రంగా ఉండే సూదితో ఏడు రోజులు నోటి ద్వారా కడుపులోకి వేశాము. ఏడో రోజు మందు వేసిన గంటకు, కాలేయాన్ని దెబ్బతీసే కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను సమానంగా ఆలివ్ నూనెలో కలిపి పొట్టలోకి ఇంజెక్షన్ ఇచ్చాము. మరునాడు మత్తులో రక్తం తీసి, కాలేయాన్ని సేకరించాము.

విషంగా పారాసెటమాల్‌ను వాడకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఎలుక చిట్టెలుకలా కాదు, పారాసెటమాల్‌ను బాగా తట్టుకుంటుంది. కాలేయం దెబ్బతినాలంటే చాలా పెద్ద మోతాదు కావాలి. అంతకంటే ముఖ్యంగా, పారాసెటమాల్‌నూ సారాన్నీ రెండింటినీ నోటి ద్వారానే ఇస్తే, వగరు పదార్థాలు కడుపులోనే ఆ మందును పట్టి ఉంచి రక్తంలోకి పోకుండా ఆపవచ్చు. అప్పుడు విషం కాలేయం దాకా చేరనే చేరదు, మేమేమో కాలేయం రక్షణ పొందిందని రాసుకుంటాము. అందుకే విషానికి ఒక దారి, మందుకు ఇంకొక దారి పెట్టాము. దారులు వేరు చేస్తే చాలనుకున్నాము. అది చాలదని తరువాత తెలిసింది.

దెబ్బతిన్న కాలేయ కణంలోంచి ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే ఎంజైములు రక్తంలోకి కారిపోతాయి. వాటి పరిమాణమే మాకు మొదటి కొలత. ఈ కొలతలో ఒక చిన్న జాగ్రత్త ఉంది. రక్తం తీసేటప్పుడు గొట్టాన్ని గట్టిగా ఊపినా, సూది సన్నదైనా ఎర్ర కణాలు పగిలి, వేరుచేసిన రక్తరసి లేత పసుపుకు బదులు గులాబీ రంగులో కనిపిస్తుంది. ఎర్ర కణాల్లోనూ ఏఎస్‌టీ ఉంటుంది కాబట్టి, అలాంటి నమూనా చెప్పేదంతా కాలేయం గురించే అనుకోవడానికి లేదు. గులాబీ రంగు నమూనాలను ఏ గుంపువో చూడకుండానే తీసేయాలని ముందుగానే నిర్ణయించుకున్నాము, ఎందుకంటే ఫలితం చూశాక తీసేయడం మొదలుపెడితే మనకు నచ్చనివే ఎక్కువ గులాబీగా కనిపిస్తాయి.

ఫలితం ఇలా వచ్చింది. విషం మాత్రమే తీసుకున్న ఎలుకల్లో ఎంజైములు అనేక రెట్లు పెరిగాయి, కాలేయంలో, విషాలను ఎదుర్కోవడానికి కణాలు వాడే గ్లూటాథయాన్ అడుగంటింది. ఆల్కహాలు సారం 400 మిల్లీగ్రాములు తీసుకున్న గుంపు దాదాపు ఆరోగ్యమైన గుంపుకు దగ్గరగా, సిలిమరిన్‌తో పోటీపడేలా నిలిచింది. నీటి సారం తీసుకున్న గుంపుల్లో మార్పు ఉంది, కానీ సగంలో ఆగిపోయింది. పరిశోధన విద్యార్థిని ఆ సాయంత్రమే ప్రచురణకు శీర్షిక రాసి చూపించింది. నేనూ వద్దనలేదు.

మమ్మల్ని ఆపింది నైతిక కమిటీలో ఉన్న పశువైద్యురాలు. ఫలితాలు వివరించే సమావేశంలో ఆమె ఒకే ప్రశ్న అడిగారు: ఎలుక కాలేయంలో కార్బన్ టెట్రాక్లోరైడ్ తనంతట తాను విషమా? కాదు. కాలేయంలోని సీవైపీ 2ఈ1 అనే ఎంజైము దాన్ని విడగొట్టి ట్రైక్లోరోమిథైల్ రాడికల్‌గా, అంటే ఎదురైనదానితోనల్లా చర్య జరిపే అణు ముక్కగా, మార్చినప్పుడే అది కణపు పొరల్లోని కొవ్వులను కాల్చివేస్తుంది. ఆ ఎంజైము ఎక్కువగా ఉండేది మధ్య సిర చుట్టూ ఉన్న కణాల్లో కాబట్టే చావు అక్కడ మొదలవుతుంది. అలాంటప్పుడు ఏడు రోజులు ముందే ఇచ్చిన మా సారం ఆ ఎంజైమును పని చేయనివ్వకపోతే, విషం పుట్టనే పుట్టదు. ఎంజైములను అడ్డుకునే మామూలు రసాయనం ఏదైనా ఈ పరీక్షలో కాలేయ రక్షకిగా బయటపడుతుంది. జబ్బుపడిన మనిషికి దానితో లాభమేమీ లేదు. అతని కాలేయంలో దెబ్బ అప్పటికే తగిలి ఉంటుంది.

దీన్ని తేల్చడానికి పాత పద్ధతి ఒకటి ఉంది, ఖరీదైన పరికరాలేవీ అక్కరలేనిది. పెంటోబార్బిటాల్ ఇస్తే ఎలుక నిద్రపోతుంది. కాలేయ ఎంజైములు ఆ మందును విడగొట్టిన తరువాత మేల్కొంటుంది. ఎలుకను వెల్లకిలా పడుకోబెడితే తిరగలేని క్షణం నుంచి, తనంతట తాను బోర్లా తిరిగే క్షణం దాకా గడియారం పట్టుకుని కూర్చోవాలి. విషం ఇవ్వని ఆరోగ్యమైన ఎలుకలకే మా సారాలు ఏడు రోజులు ఇచ్చి ఈ పరీక్ష చేశాము. మామూలు ఎలుకలు మీసాలు కదిలించి, ముందు కాళ్లు తడుముకుని, ఒక్క ఊపులో బోర్లా తిరిగి పంజరం మూలకు పాకిపోయాయి. నీటి సారం తీసుకున్నవి కాస్త ఆలస్యంగా తిరిగాయి. ఆల్కహాలు సారం తీసుకున్నవి మాత్రం ఇంకా పక్క మీదే ఊపిరి తీస్తూ ఉన్నాయి. వాటి ఒంటి వేడి పడిపోకుండా గుడ్డలు కప్పి, అన్నీ లేచేదాకా విద్యార్థిని రాత్రి పొద్దుపోయేవరకు ప్రయోగశాలలోనే ఉంది.

మొక్కే మత్తు కలిగిస్తోందేమో అన్న సందేహం కూడా తీరాలి. అందుకు బార్బిటాల్‌తో మరోసారి చూశాము. బార్బిటాల్‌ను కాలేయం పెద్దగా ముట్టుకోదు, మూత్రపిండాలు దాన్ని ఉన్నది ఉన్నట్టుగా బయటికి పంపుతాయి. సారానికే మత్తు గుణం ఉంటే ఈ నిద్ర కూడా పెరిగి ఉండాలి, పెరగలేదు. అంటే ఆల్కహాలు సారం కాలేయ ఎంజైముల చేతులు కట్టేస్తోంది. ఫిల్లాంతిన్, హైపోఫిల్లాంతిన్ మనిషి కాలేయంలోని సీవైపీ 3ఏ4 ఎంజైమును అడ్డుకుంటాయని గాజునాళిక ప్రయోగాలు ఇంతకు ముందే చూపాయి కాబట్టి ఇది పూర్తిగా వింత కూడా కాదు. నిద్ర పరీక్ష ఒక్క సీవైపీ 2ఈ1 గురించే ప్రత్యేకంగా చెప్పదు. పెంటోబార్బిటాల్‌ను విడగొట్టేవి వేరే ఎంజైములు. అయినా మా అందమైన ఫలితానికి రెండో వివరణ ఉందని చెప్పడానికి ఆ ఆధారం చాలు.

ఆ తరువాత చేసినదే ఈ కేసులో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించే ప్రయోగం. విషాన్ని ముందు ఇచ్చాము. అది రాడికల్‌గా మారే పని చాలావరకు ముగిసేందుకు ఆరు గంటలు ఆగాము. అప్పుడు సారం మొదలుపెట్టి, నలభై ఎనిమిది గంటల దాకా కొనసాగించాము. ముందు వరుసలో మెరిసిన ఆల్కహాలు సారం ఇక్కడ విషం మాత్రమే తీసుకున్న గుంపు నుంచి వేరుగా కనిపించలేదు. నీటి సారం ఎక్కువ మోతాదు గుంపులో రక్తంలోకి కారిన ఎంజైములు కొంత తక్కువగా ఉన్నాయి, గ్లూటాథయాన్ కొంత త్వరగా కోలుకుంది. కానీ ఎలుకకూ ఎలుకకూ మధ్య తేడా ఎక్కువ, ఆరేసి ఎలుకలతో గట్టిగా చెప్పదగినంత కాదు. స్లైడులను చూసిన పెథాలజిస్టుకు గుంపుల పేర్లు చెప్పలేదు, అంకెల చీటీలు మాత్రమే అంటించి ఇచ్చాము. నీటి సారం గుంపులో నాలుగింటిలో మధ్య సిర చుట్టూ చచ్చిన కణాల వలయం సన్నగా ఉందనీ, దాని అంచున విభజన చెందుతున్న కణాలు కనిపిస్తున్నాయనీ ఆయన రాశారు. మిగతా రెండింటిలో అలాంటిదేమీ లేదు.

పెద్ద అంకె తెచ్చిన సారం పెద్ద రక్షణ ఇవ్వలేదు. చిన్న అంకె తెచ్చిన నీటి సారం, అంటే పెద్దాయన పోసే పసరుకు దగ్గరి బంధువు, దెబ్బ తగిలాక కూడా కొద్దిగానైనా తోడ్పడే సూచన చూపింది. ముందు ఇచ్చి చూసే పద్ధతితోనే ఆగి ఉంటే, ఈ రెండు సారాల వరుసను తలకిందులుగా రాసి ప్రచురించేవాళ్లం. మూలికల మీద వస్తున్న పత్రాల్లో చాలావాటిలో మందు ముందు, విషం తరువాత అన్న వరుసే కనబడుతుంది. ఆ ఒక్క వరుసతో కాలేయ రక్షణ అనే మాట వాడకూడదని ఈ కేసు తరువాత మా విభాగంలో నియమం పెట్టుకున్నాము.

కడుపు విషయానికి వస్తే, ఇక్కడ మోసపోయే అవకాశం ఇంకా ఎక్కువ. మొదట 1945లో షే అనే పరిశోధకుడు పరిచయం చేసిన పద్ధతిలో, మత్తు ఇచ్చిన ఎలుక జఠరం చివరి ద్వారాన్ని దారంతో ముడి వేసి, నాలుగు గంటల తరువాత చేరిన రసాన్ని కొలిచాము. ఉపవాసం ఉంచిన ఎలుకలను అడుగున తీగ జల్లెడ ఉన్న పంజరాల్లో పెట్టాలి. లేకపోతే అవి తమ పెంటికలనూ, కింద పరిచిన పొట్టునూ తిని, కడుపు ఖాళీగా ఉందన్న మన నమ్మకాన్ని వమ్ము చేస్తాయి. పోలిక కోసం ఒమెప్రజోల్ అనే ఆమ్లం తగ్గించే మందు తీసుకున్న గుంపులో ఆమ్లం బాగా తగ్గింది. మా సారాలు రెండింటిలో దేనిలోనూ ఆమ్లం చెప్పుకోదగినట్టు తగ్గలేదు, అయినా పుండ్లు కొన్ని తగ్గాయి. ఈ ముడి పద్ధతిలో పుండ్లు ఎక్కువగా పుట్టేది ఎలుక కడుపులోని ముందు సంచిలో, అంటే గ్రంథులు లేని పల్చటి భాగంలో. మనిషి కడుపుకు అలాంటి సంచే లేదు. అందుకే ఈ పద్ధతి ఆమ్లం గురించి చెప్పినదాన్ని తీసుకుని, పుండ్ల లెక్కకు పెద్ద విలువ ఇవ్వలేదు.

రెండో పద్ధతిలో సారం వేసిన గంటకు శుద్ధ ఆల్కహాలు ఒక మిల్లీలీటరు వేసి, మరో గంట తరువాత ప్రాణం తీసి, కడుపును పెద్ద వంపు వెంట కోసి తెరిచి, ఉప్పునీటితో కడిగి, మైనపు పలక మీద గుండుసూదులతో చాపి చూశాము. సారం ఇవ్వని ఎలుకల కడుపు గోడ మీద ముదురు ఎరుపు చారలు కొరడా దెబ్బల్లా నిలువునా సాగి ఉన్నాయి. నీటి సారం తీసుకున్నవాటిలో గోడ లేత గులాబీ రంగులో, అక్కడక్కడ ఒకటి రెండు గీతలతో ఉంది. కంటికి అంత స్పష్టంగా కనిపించే ఫలితం ఇంకేది ఉంటుంది?

ఇలాంటి రక్షణకు కణ రక్షణ అని పేరు పెట్టిన శాస్త్రజ్ఞుడు ఆంద్రే రాబర్ట్, 1983లో ఇంకో సంగతి కూడా చూపించారు. పలచటి ఆల్కహాలు వంటి మెల్లని మంట పుట్టించే పదార్థాన్ని ముందుగా ఇస్తే, కడుపు గోడ తనను కాపాడుకునే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారుచేసుకుని, తరువాత వచ్చే తీవ్రమైన దెబ్బను తట్టుకుంటుంది. అంటే కడుపును కొద్దిగా గాయపరిచే పదార్థం కూడా ఈ పరీక్షలో కడుపు రక్షకిగా కనిపించవచ్చు. ప్రోస్టాగ్లాండిన్లను ఆపే ఇండోమెథసిన్‌ను ముందు ఇచ్చి చూశాము. మా సారపు రక్షణ కొంత తగ్గినా పూర్తిగా పోలేదు. తరువాత సారానికీ ఆల్కహాలుకూ మధ్య వ్యవధిని గంట నుంచి ఆరు గంటలకు పెంచాము. అప్పుడు రక్షణ దాదాపు మాయమైంది. వగరు పదార్థాలు కడుపు పైపొరలోని ప్రొటీన్లతో కలిసి సన్నని పూతగా ఏర్పడి, ఆ పూత ఉన్నంతసేపే ఆల్కహాలును ఆపాయన్నది మాకు తోచిన అర్థం. దీన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. సుక్రాల్ఫేట్ అనే పుండ్ల మందు కూడా పూతలాగే పనిచేస్తుంది. కానీ మనుషుల్లో పుండ్లకు ముఖ్య కారణాలు రెండు: ఒకటి నొప్పి మాత్రలు, రెండోది బారీ మార్షల్, రాబిన్ వారెన్ కనుగొన్న హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. మా ఎలుకల్లో ఆ బాక్టీరియా ప్రసక్తే లేదు. కాబట్టి నేల ఉసిరి పుండ్లను మానుస్తుందని మా ప్రయోగం చెప్పలేదు, చెప్పజాలదు కూడా.

మోతాదు లెక్క కూడా వేశాము. ఎలుకకు కిలోకు 200 మిల్లీగ్రాములంటే, శరీర ఉపరితలాన్ని బట్టి 6.2తో భాగిస్తే మనిషికి కిలోకు సుమారు 32 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి దాదాపు 1.9 గ్రాముల సారం. పది గ్రాముల పొడికి ఒక గ్రాము సారం వస్తుందనుకుంటే, రోజుకు పంతొమ్మిది గ్రాముల ఎండు మొక్క. పచ్చి మొక్కలో ఎక్కువ భాగం నీరే కాబట్టి, నిమ్మకాయంత పచ్చి ముద్దలో ఉండేది అందులో కొద్ది భాగమే. మా తక్కువ మోతాదు కూడా పెద్దాయన మోతాదుకు కొన్ని రెట్లు ఎక్కువ.

నివేదికను ఆయనకు చదివి వినిపించడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. రెండు విషయాలను ఖచ్చితంగా చెప్పాను. ఒకటి, ఈ మొక్క కాలేయ ఎంజైములను అడ్డుకోవచ్చు కాబట్టి, మూర్ఛకు కార్బమజెపైన్ వాడేవాళ్లకూ, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వంటి మాత్రలు వేసుకునేవాళ్లకూ వాళ్ల డాక్టరును అడగకుండా ఇవ్వవద్దని. రెండు, కామెర్లతో వచ్చిన గర్భిణినీ, మత్తుగా ఉన్నవాళ్లనూ, మాటలు తడబడుతున్నవాళ్లనూ, పారాసెటమాల్ మాత్రలు ఎక్కువగా మింగినవాళ్లనూ ఒక్క పూట కూడా తన దగ్గర ఉంచుకోవద్దని. హెపటైటిస్ ఈ గర్భిణుల ప్రాణానికి ముప్పు తెస్తుంది. పారాసెటమాల్ విషానికి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, దాన్ని ఎంత త్వరగా ఇస్తే అంత ఫలం. ఆయన తలూపి, ఈ మాటలను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయించుకుని తీసుకున్నారు.

లేవబోతూ ఆయన ఒక సందేహం అడిగారు. "మేము మజ్జిగలో ఇస్తాం గదమ్మా, మీరు ఆ జిగురు నీళ్లలో ఇచ్చారే?"

"నిజమే తాతగారూ, మాకు తట్టలేదు" అన్నాను.

ఆ ప్రశ్న చిన్నది కాదు. పాల ప్రొటీన్ అయిన కేసిన్ వగరు పదార్థాలను గట్టిగా పట్టుకుంటుంది. మజ్జిగలో కలిపితే కడుపు మీద మేము చూసిన పూత ఏర్పడకపోవచ్చు. మజ్జిగలో మిగిలి ఉండే వెన్నేమో చేదు లిగ్నన్లను రక్తంలోకి కొంచెం ఎక్కువగా చేర్చవచ్చు. ఇప్పుడు కమిటీ ముందు పెట్టిన రెండో ప్రణాళికలో మూడు మార్పులు ఉన్నాయి. మందు ఎప్పుడూ విషం తరువాతే. సీవైపీ 2ఈ1 పనిని నేరుగా కొలిచే క్లోర్‌జోక్సజోన్ పరీక్ష ప్రతి గుంపుకూ. సారంతో పాటు, భూతద్దం కింద గింజలు చూసి ఏరిన పచ్చి మొక్కను నూరి, వెన్న తీసిన మజ్జిగలో ఒక గుంపుకూ, వెన్న తీయకుండా ఉంచిన మజ్జిగలో ఒక గుంపుకూ.